నేను కలిపిన మాటలు

అబద్ధం చెప్పడం నాకు మందిరంలోనే అలవాటయింది. ఈ మాట రాస్తే మా సంఘంలో సగం మంది నా మొహం చూడరని తెలుసు. చూడకపోతే మానె. చూసినన్నాళ్లు మాత్రం ఏం ఒరిగింది కనుక!

నేను వరంగల్‌లో గవర్నమెంటు బడి టీచర్ని. ఇంగ్లిష్ గడగడా మాట్లాడతానని మందిరంలో పేరు. అందుకే ఏటా చలి తగ్గి, ఎండ ముదరక ముందు, విదేశాల నుంచి మిషన్ టీములు దిగినప్పుడు మా పాస్టరు గారు నన్ను పిలిచేవారు. మేమంతా ఆయన్ని అయ్యగారు అంటాం. "ఈసారి కూడా మీరేనమ్మా, దేవుని పని" అనేవారు. జీతం లేదు, భత్యం లేదు. నాలుగైదు రోజులు బడికి సెలవు పెట్టి, టీము వాళ్ల వ్యాన్‌లో ముందు సీట్లో కూర్చుని, పరకాల వైపు, కేసముద్రం వైపు, నెక్కొండ వైపు ఊళ్లలో మా సంఘం నడిపే చిన్న చిన్న బడులకు వాళ్లను తీసుకుపోవాలి. వాళ్ల ఇంగ్లిష్‌ను పిల్లలకు తెలుగులో చెప్పాలి, పిల్లల తెలుగును వాళ్లకు ఇంగ్లిష్‌లో చెప్పాలి. సేవ అన్నారు. నేనూ సేవే అనుకున్నాను. అట్లా తొమ్మిదేళ్లు చేశాను.

మొదటిసారి మాట కలిపింది పరకాల దగ్గర ఒక ఊళ్లో. బడి పక్కనే మందిరం. వచ్చిన తెల్లవాళ్ల ముందు ఊరి విశ్వాసులు సాక్ష్యం చెప్పాలి, అంటే దేవుడు తమకు చేసిన మేలు చెప్పాలి. ఒక ముసలమ్మ లేచింది. "మోకాళ్ల నొప్పులు జర తక్కువైనయ్ బిడ్డా. దవాఖానల గోలీలు ఇచ్చిన్రు. దేవునికి దండం పెట్టుకోని ఏస్కున్న" అంది. అంతే చెప్పి కూర్చుంది. ఎదురుగా ఆరేడు మొహాలు, ఎండకు కందిపోయి, చెమటలు కారుతూ, నా నోట్లోంచి ఏం వస్తుందా అని ఆత్రంగా చూస్తున్నాయి. అయ్యో, అన్ని గంటలు విమానంలో కూర్చుని వచ్చింది గోలీల సంగతి వినడానికా అనిపించింది. డాక్టర్లు చేతులెత్తేశారట, ప్రార్థన చేసిన మూడోనాటికి లేచి నడిచిందట అని ఇంగ్లిష్‌లో చెప్పాను. ఒకామె వెక్కివెక్కి ఏడ్చింది. ముసలమ్మ తననెందుకు కావలించుకుంటున్నారో తెలియక బిత్తరపోయి చూసింది.

ఆ రోజు తిరిగి వస్తూ అయ్యగారు "మీ నోటికి అభిషేకం ఉందమ్మా" అన్నారు. అభిషేకం! గోరంతను కొండంత చేసే నోటికి మా దగ్గర ఆ పేరు. ఇక నేను ఆగానా? తాగుడు తగ్గించినవాడు నా ఇంగ్లిష్‌లో పూర్తిగా మానేసేవాడు. జ్వరం తగ్గిన పిల్ల చావు అంచు నుంచి తిరిగొచ్చేది. చెప్పిన వాళ్లకు ఇంగ్లిష్ రాదు, విన్న వాళ్లకు తెలుగు రాదు. మధ్యలో నేను. నిజం చెప్పాలంటే నాకు బాగుండేది. క్లాసులో నలభై మంది పిల్లలకు అరిచి అరిచి గొంతు పోగొట్టుకునే మనిషి మాటకు ఎవరో కన్నీళ్లు పెట్టుకుంటుంటే బాగుండదా మరి?

టీముల సంగతి కూడా చెప్పాలి, లేకపోతే తప్పంతా నాదే అయిపోతుంది. అందరూ ఒకే రంగు టీ షర్టులు వేసుకుని వచ్చేవారు. పిల్లలకు బ్రష్షులు పంచి పళ్లు ఎట్లా తోముకోవాలో చూపించేవారు. అప్పటిదాకా మా పిల్లలు పళ్లే తోముకోలేదనుకున్నారేమో. ఆ తర్వాత గోడకు రంగు వేసేవారు. నెక్కొండ అవతలి బడికి రెండే గదులు, పైన రేకులు. వానాకాలం వస్తే ఆ రేకుల కింద గిన్నెలు పెట్టుకుని పాఠం చెప్పాలి. కానీ టీముకు కావలసింది గోడ. రంగు వేస్తే ఫోటో బాగుంటుంది, పని చేసిన తృప్తి ఉంటుంది. అందుకని టీము వచ్చే పది రోజుల ముందు అయ్యగారు గోడకు సున్నం కొట్టించేవారు. పోయినేడు వేసిన ఇంద్రధనుస్సు సున్నం కిందికి పోయేది, ఈ ఏడు వాళ్లు మళ్లీ ఇంద్రధనుస్సే వేసేవారు. రేకుల గురించి ఎవరూ అడగలేదు. నేనూ చెప్పలేదు.

తొమ్మిదో ఏడు వచ్చిన టీముకు పెద్ద ఒక రిటైరైన టీచరమ్మ. తెల్లజుట్టు, మెత్తని మాట. పిల్లలతో పాటు నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చునేది. దుర్మార్గురాలైతే తిట్టుకుని ఊరుకునేదాన్ని. మంచి మనిషి, అదే వచ్చిన చిక్కు. నెక్కొండ అవతలి బడిలో ఆమెకు ఒక పిల్ల నచ్చింది. నాలుగో తరగతి. నూనె పెట్టి బిగించిన రెండు జడలు, పిల్లలందరికంటే ముందే చేయెత్తే పిల్ల. ఆ పిల్లకు ఇంకో పది రోజుల్లో గురుకులం ప్రవేశ పరీక్ష ఉందని అక్కడి టీచరు నాతో చెప్పింది. సీటు వస్తే ఐదో తరగతి నుంచి ఇంటరు దాకా తిండి, బట్ట, పుస్తకాలు, చదువు అన్నీ సర్కారువే. తండ్రి ఇళ్లు కట్టే సుతారి పనికని హైదరాబాద్ పోయి అక్కడే ఇంకో సంసారం పెట్టుకున్నాడు. తల్లి కూలికి పోతుంది. మిరప ఏరే కాలం కదా, తెల్లారకముందే ఆటోలో పోయి పొద్దుగూకాక వస్తుంది. సీటు రాకపోతే పిల్ల ఐదు వరకు ఆ రేకుల కింద చదివి, తర్వాత తల్లితో పాటు ఆటో ఎక్కుతుంది. ఆ వాడలో ఆడపిల్లల దారి అదే.

టీచరమ్మ ఆ పిల్లను కొత్తగా రంగు వేసిన గోడ ముందు నిలబెట్టింది. టీములో ఒకతను ఫోన్ పట్టుకుని వీడియో తీస్తున్నాడు. నేను పక్కన నిలబడ్డాను, ఫోన్‌కు నా మొహం పడదు, గొంతే పడుతుంది. "యేసు ప్రభువు అంటే నీకేమిటో చెప్పమను" అంది టీచరమ్మ. నేను అడిగాను.

పిల్ల చేతులు కట్టుకుని, పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది. "ఐతారం అమ్మతోటి మందిరానికి అస్త. పాటలు మంచిగుంటయ్. పరీక్షకు పోయే ముంగట ప్రార్థన జేస్కుంటే బుగులు గాదు."

పరీక్షంటే భయం పోవడానికి ఒక దండం. ఏ మతంలో పిల్లయినా చెప్పే మాట. దాన్ని అట్లాగే చెప్పి ఉంటే నా సొమ్మేం పోయేది? కానీ నోటికి అభిషేకం కదా! ఈ పాప తల్లితో పాటు పోయిన ఈస్టర్‌కు బాప్తిస్మం తీసుకుంది అన్నాను. ఇంట్లో ఉన్న విగ్రహాలన్నీ తీసేశారు అన్నాను. ఊరంతా వెలివేసినా ప్రభువును విడవనంటోంది అన్నాను. ఇంగ్లిష్‌లో ఆ వాక్యాలు భలే కుదిరాయి. టీచరమ్మ మోకాళ్ల మీద కూర్చుని పిల్లను గుండెకు హత్తుకుంది. ఫోన్ పట్టుకున్న అతను కళ్లు తుడుచుకున్నాడు.

వాళ్లు వ్యాన్ వైపు పోయాక పిల్ల నా కొంగు పట్టుకుని లాగింది. "టీచర్, నేను గంత పొడుగు జెప్పలే గదా?" అంది.

"ఇంగ్లిష్‌ల చెప్తే పొడుగైతది బిడ్డా" అన్నాను. నవ్వి, చెంప మీద తట్టి, వ్యాన్ ఎక్కాను.

ఇందులో ఏం మునిగిపోయింది అనుకునే వాళ్లకు కొంచెం విడమరచి చెప్పాలి. మా వాడల్లో ఎస్సీ మనిషి కాగితం మీద క్రైస్తవుడైతే ఎస్సీ కాకుండా పోతాడు, బీసీ-సీ అవుతాడు. ఎస్సీ కోటాలో సీటు, కొలువు అన్నీ పోతాయి. అందుకే మాకు రెండేసి పేర్లు. బడి రికార్డులో అమ్మవారి పేరు, మందిరంలో బైబిల్లో పేరు. దీన్ని మోసం అనే వాళ్లున్నారు. అననీ. మందిరానికి పోయినంత మాత్రాన ఊరు మమ్మల్ని తెచ్చి నడిబజార్లో కూర్చోబెట్టిందా? చావుకు డప్పు కొట్టమని పిలవడం మానిందా? మేం ప్రార్థన చేసినా అదే వాడ, చెయ్యకపోయినా అదే వాడ. మారేది కాగితం ఒక్కటే. ఆ కాగితాన్ని కాపాడుకోవడం మా అమ్మ నాకు అన్నం ముద్దతో పాటు నేర్పింది. బయటివాళ్ల ముందు, రాసుకునేవాళ్ల ముందు, ఫోటో తీసేవాళ్ల ముందు 'బాప్తిస్మం' అనే మాట నోట రానియ్యకు అనేది. నా టీచరు కొలువు ఆ కాగితం మీద వచ్చిందే. నా కూతురు ఆ ఏడు ఇంటరు రెండో సంవత్సరం, దాని ఇంజనీరింగు సీటు కూడా ఆ కాగితం మీదే రావాలి.

అంటే ఆ రోజు ఆ గోడ ముందు, ఆ మాట ఖరీదు తెలిసిన పెద్దమనిషిని నేనొక్కదాన్నే. టీచరమ్మకు తెలియదు, వీడియో తీసినతనికి తెలియదు, పిల్లకు తెలియదు. తెలిసిన నేనే అన్నాను. ఇంగ్లిష్‌లో అన్న మాట మన ఊరికి వినపడదనుకున్నానో ఏమో. ఛీ, ఇప్పటికీ నా మీద నాకు అసహ్యం వేస్తుంది.

ఎండాకాలం మొదట్లో, అక్కడి టీచరు దగ్గర నా నంబరు తీసుకుని, ఆ పిల్ల తల్లి ఫోన్ చేసింది. పిల్లకు గురుకులంలో సీటు వచ్చిందట. "అక్కా, లిస్టుల ముంగటనే ఉన్నదట మా పిల్ల పేరు! నేను సదువుకుంటె నేనే సూసుకుందు" అని ఏడుస్తూ నవ్వింది. వారం తర్వాత ఎవరి చేతనో ఒక సంచెడు ఎండుమిరపకాయలు పంపింది. ఏరిన చేనులో అడిగి తెచ్చుకున్నవట. నేను కారం పట్టించుకున్నాను, మా ఇంట్లో ఆ ఏడంతా అదే కారం.

జూన్‌లో పిల్లను చేర్చుకోవాలంటే కులం సర్టిఫికెట్ కావాలి. తల్లి అర్జీ పెట్టింది. పెట్టిన నాలుగు రోజులకే మండలం ఆఫీసుకు ఒక ఫిర్యాదు చేరింది. టీము వాళ్లు తమ దేశం పోయాక ఆ వీడియోను నెట్‌లో పెట్టారు. అది ఎట్లెట్లా తిరిగిందో, ఊరి వాట్సాప్ గ్రూపుల్లోకి వచ్చేసరికి నా ఇంగ్లిష్ మాటలన్నీ కింద తెలుగు అక్షరాల్లో పడి ఉన్నాయి. బాప్తిస్మం తీసుకున్న వాళ్లకు ఎస్సీ సర్టిఫికెట్ ఎట్లా ఇస్తారని ఎవరో రాసి పంపారు. ఎవరో నాకు తెలియదు. తెలిస్తే మాత్రం ఏ మొహంతో అడిగేదాన్ని?

తల్లి పిల్లను వెంటబెట్టుకుని నెక్కొండలో పొద్దుటి రైలెక్కి వరంగల్‌లో దిగి మా ఇంటికి వచ్చింది. చాప వేస్తే కూర్చోలేదు. గడప దగ్గరే నిలబడి చెప్పింది.

"మండలం ఆఫీసు ఆర్‌ఐ సారు ఇంటికచ్చి వీడియో సూపెట్టిండక్కా. నా బిడ్డ మాట్లాడింది గింతనే. నీ ఇంగ్లిష్‌ల బాప్తిస్మం అని ఉన్నదట. మేము తీస్కోనే లేదక్కా! అయ్యగారు ఎన్నిసార్లు అడిగినా, పిల్ల సదువు ఒడ్డుకు పడ్డంక తీస్కుంట అయ్యా అనుకుంట అచ్చిన. మా ఇంట్ల ఎల్లమ్మ పటం ఇంకా గోడకే ఉన్నది, సారు కండ్లార సూసిండు."

నేను ఈస్టర్‌కు ఇచ్చిన బాప్తిస్మం ఆమె ఇంకా తీసుకోనే లేదు.

"నువ్వు ఒక్కసారి అచ్చి ఒక్క మాట జెప్పక్కా" అంది. "పిల్ల గట్ల అనలే, నేనే కలిపిన అని జెప్పు. సారు మంచోడే. ఇంగ్లిష్ జెప్పినామె రాసిస్తె సర్టిఫికెట్ చేపిస్త అంటాండు. సోమారం దాక ఆగుత అన్నడు."

"వస్త. నువ్వు ఫికర్ చెయ్యకు" అన్నాను. ఆ మాట అన్నప్పుడు నిజంగానే పోదామనుకున్నాను. పిల్ల తల్లి వెనకనుంచి నన్నే చూస్తోంది. కోపంగా కాదు. టీచరు చెప్పింది కాబట్టి అయిపోతుందన్న ధీమాతో చూస్తోంది.

వాళ్లు గేటు దాటారో లేదో, లోపలి గదిలోంచి మా ఆయన వచ్చాడు. "పోయి ఏమని రాసిస్తవు?" అన్నాడు. "పేరు రాయాలె. ఏం కొలువు జేస్తానవో రాయాలె. నువ్వు మందిరంల ఏం పని మీద ఉన్నవో రాయాలె. నీ సర్టిఫికెట్ ఏందని సారు అడగడా? ఫిర్యాదు పెట్టినోడు ఊకుంటడా? మన బిడ్డ కౌన్సెలింగ్ అయ్యేదాక నోరు మూస్కోని ఉండు."

"మరి ఆ పిల్ల?"

"ఆ పిల్లకు తల్లున్నది. నీ పిల్లకు నువ్వు ఉన్నవు" అన్నాడు. జవాబు కోసం నేను గట్టిగా వెతకలేదు.

మర్నాడు అయ్యగారి దగ్గరికి పోయాను. ఆయన పెద్దమనిషి, ఆయనే పోయి బాప్తిస్మం జరగలేదని చెబితే సరిపోతుంది కదా. జరిగితే ఇచ్చేది ఆయనే, మందిరం రిజిస్టరు ఆయన చేతిలోనే ఉంది. విని, కళ్లద్దాలు తీసి తుడుచుకుని, "నేను పోతే మందిరం మీదికి వస్తుందమ్మా. అన్ని బడుల మీదికి వస్తుంది. ఇది శోధన కాలం. విశ్వాసికి శ్రమలు తప్పవు" అన్నారు. శ్రమలు ఎవరికి? నాలుగో తరగతి పిల్లకు! ఆయనకు ఇద్దరు కొడుకులు. ఇద్దరూ ఏ కాగితం మీద కొలువు చేస్తున్నారో సంఘంలో తెలియని వాళ్లు లేరు. తర్వాత ఆయన నా తల మీద చేయి పెట్టి చాలాసేపు ప్రార్థన చేశారు. ఒళ్లు మండిపోయింది. అయినా ఆమెన్ అనే లేచాను.

విదేశీ టీచరమ్మకు మెయిల్ రాశాను. వీడియో వల్ల పాపకు కష్టం వచ్చింది, దయచేసి తీసేయండి అని. జవాబు ఆ రోజే వచ్చింది, ఎంత ప్రేమగానో. విశ్వాసం కోసం హింస పడుతున్న చిట్టితల్లి కోసం తమ సంఘమంతా ఉపవాస ప్రార్థన పెట్టుకున్నారట. ఇంకా ఎక్కువమంది ప్రార్థించాలని ఆ వీడియోను ఇంకో పది సంఘాలకు పంపారట. నేను తల పట్టుకున్నాను. ఆమెను అనడానికి ఏముంది? ఆ పిల్ల అన్నది ఇది, నేను చెప్పింది ఇది అని రాసి ఉంటే ఆ రోజే తీసేసేది. అంత మనిషి ఆమె. అది ఒక్కటే నేను రాయలేదు.

సోమవారం నేను ఆఫీసుకు పోలేదు. మా బడికి పోయాను. సెలవులు అయిపోవస్తున్నాయి, కొత్త పుస్తకాలు దిగాయి, హెడ్మాస్టరు గారితో కలిసి కట్టలు విప్పుతున్నాను. పదకొండు గంటలప్పుడు తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చింది.

"మేడమ్, నేను ఆర్‌ఐని మాట్లాడుతున్న. గురుకులం సీటు పాప సంగతి. వీడియోల ఇంగ్లిష్ జెప్పింది మీరేనట గదా? మీరు రాకపోయినా మంచిదే మేడమ్, పాప గట్ల అనలేదని ఒక్క ముక్క ఫోన్ల చెప్పున్రి. ఎట్లనో అట్ల నేను రాసుకుంట. చిన్నపిల్ల, సీటు ఖరాబైతది."

మంచి మనిషి. ఈ కథలో నాకు అడ్డం వచ్చిన వాళ్లంతా మంచి మనుషులే. హెడ్మాస్టరు గారు కట్ట తాడు కోస్తూ ఆగి, ఏంటన్నట్టు నా వైపు చూశారు.

"మీరు ఎవరనుకోని చేసిన్రో సార్" అన్నాను. "ఆ వీడియోల ఉన్నది నేను కాదు."

"గీమె మీ పేరే చెప్తాంది మేడమ్."

"ఎవరో నాకు తెల్వదు సార్."

ఫోన్‌లో దూరం నుంచి, గదిలో ఎక్కడో నిలబడి అరిచినట్టు ఒక సన్నటి గొంతు వినపడింది. "సార్, గీ టీచరే సార్! గదే గొంతు సార్!" ఆయన స్పీకర్ పెట్టి మాట్లాడుతున్నాడు. వాళ్లిద్దరూ అక్కడే ఉన్నారు.

"ఊకో బిడ్డా" అంది తల్లి. "అక్క గాదు. నేనే నంబరు తప్పు జెప్పిన్నేమో సారూ, సదువు రానిదాన్ని."

నేను ఫోన్ పెట్టేశాను. హెడ్మాస్టరు గారు "ఎవరు మేడమ్?" అన్నారు. "రాంగ్ నంబర్ సార్" అన్నాను.

ఆ తల్లికి నేను ఎందుకట్లా అన్నానో అర్థమయింది. నా మాట పూర్తికాకముందే అర్థమయింది. తన బిడ్డ సీటు ఎట్లాగూ పోతోంది, నా బిడ్డదన్నా ఉండనీ అనుకుందో, అక్క మీదికి ఎందుకు తేవడం అనుకుందో నాకు తెలియదు. తిట్టి ఉంటే బాగుండేది. మన్నెత్తి పోసి ఉంటే ఇంకా బాగుండేది. కానీ ఆమె నన్ను కాపాడింది, తొమ్మిదేళ్లలో దేవుని పేరు మీద నేను ఎవరికీ చెయ్యని పని.

సర్టిఫికెట్ బీసీ-సీ అని వచ్చింది. గురుకులంలో ఎస్సీ సీటు లిస్టులో తర్వాతి పిల్లకు పోయింది. ఈ పిల్ల ఐదో తరగతికి ఆ రేకుల బడిలోనే కూర్చుంది.

నా కూతురికి కౌన్సెలింగ్‌లో మంచి కాలేజీలో సీటు వచ్చింది. మా సంఘంలో ఒక ఆనవాయితీ ఉంది. ఇంట్లో మేలు జరిగితే నెల మొదటి ఆదివారం అందరి ముందు నిలబడి సాక్ష్యం చెప్పాలి. ఆ ఆదివారం ఊళ్ల సంఘాల వాళ్లంతా వరంగల్ మందిరానికి వస్తారు. తప్పించుకుందామని చూశాను. అయ్యగారు మైకులో నా పేరు పిలిచేశారు, కూతురిని కూడా పక్కన నిలబెట్టారు. ఆడవాళ్ల వైపు నాలుగో వరుసలో ఆ తల్లి, పక్కన ఆ పిల్ల.

ఆ రోజు ఇంగ్లిష్ అక్కర్లేదు. మా తెలుగులోనే చెప్పాలి, అందరికీ అర్థమయ్యే మాటల్లో. మైకు పట్టుకున్నాను. నా బిడ్డకు ఈ సీటు దేవుడే ఇచ్చాడు అన్నాను.

స్తోత్రం అంది మందిరమంతా. ఆ తల్లి రెండు చేతులూ పైకెత్తి, కళ్లు మూసుకుని, అందరికంటే గట్టిగా స్తోత్రం అంది. పిల్ల చేతులెత్తలేదు. కళ్లు మూసుకోలేదు. నా నోటి వంకే చూస్తూ కూర్చుంది.